పడితే ఏం చెయ్యాలె

మార్చి 2, ఆదివారం

పూజ అయిపోయాక సిస్టర్ రోజ్లిన్ చర్చి మెట్ల మీద నిలబడి పేర్లు చదివింది. విద్యార్థుల ధ్యానకూటం ఈ నెల ఇరవై నుంచి ఇరవై మూడు దాకా. మంథని దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ధ్యానాశ్రమంలో. ఆరు బృందాలు, ఆరుగురు నాయకులు. నాలుగో పేరు నాది. "రాజకుమారి, డిగ్రీ సెకండియర్, సెంటినరీ కాలనీ." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా పేరుకు నేనే కొట్టుకుంటున్నానని పక్కనున్న పిల్ల నవ్వితే గానీ తెలియలేదు.

ఈ నోటుబుక్కు కరీంనగర్ డాక్టరు పెట్టించాడు. మాత్రలు వేసుకున్నానా, ఎన్ని గంటలు నిద్రపోయాను, అది వచ్చిందా, రోజూ రాయమన్నాడు. మొదటి రెండు నెలలు తిరగేసి చూశాడు, తర్వాత అడగలేదు. అప్పటినుంచి నా కోసమే రాసుకుంటున్నాను. మూర్ఛ అనే మాట అమ్మ ఇంట్లో అననివ్వదు. కాబట్టి ఇక్కడ కూడా "అది" అనే రాస్తున్నాను. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. రాక పద్నాలుగు నెలలైంది. అమ్మ, నాన్న, డాక్టరు, నేను, మా నలుగురికే తెలుసు. నాన్నది బొగ్గుబాయిలో పని, ఇక్కడి దవాఖానలో చూపించుకోవచ్చు. కానీ లైన్లో కాలనీవాళ్లు కనపడతారని అమ్మ నన్ను బస్సెక్కించి అంత దూరం తీసుకెళ్తుంది.

నాలుగు రోజులు. ఎనిమిది మంది పిల్లలు. అందరికీ ఒకే గది.

మాత్రలు: రెండు పూటలా వేసుకున్నాను. నిద్ర: చూడాలి.

మార్చి 3, సోమవారం

అమ్మ వద్దంటుందని తెలుసు. నిజం చెప్పాలంటే అలా అంటుందనే ధైర్యంతోనే చెప్పాను.

"మూడు రాత్రులా? ఎవలి పక్కన పండుకుంటవ్? నిద్రల ఏమన్న అయితే?"

నాన్న ఫస్టు షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు. "పోనియ్యి లూర్దూ. ఎన్నొద్దులు కొంగుకు కట్టుకుంటవ్ దాన్ని?" అన్నాడు.

"నీకేంది, పొద్దుగాల బాయిల దిగుతవ్, మాపటికి ఎక్కుతవ్. ఇంట్ల ఉండేటిది నేను."

నాన్న చెయ్యి కడుక్కుని బయట కూర్చున్నాడు. అమ్మ చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. తర్వాత వచ్చి ఒక ఖాళీ డబ్బా నా ముందు పెట్టింది. దాని మీద విటమిన్ అని ఉంది.

"పోతె పో. మాత్రలు ఇందుల పోసుకో. ఎవలన్న అడిగితే బలం మాత్రలని జెప్పు. సిస్టర్‌కు గూడ జెప్పకు. ఇన్నవా? ఎవ్వలకు జెప్పకు."

అమ్మ ఒప్పుకోవడం నాకు అస్సలు మంచిగా అనిపించలేదు.

మాత్రలు: వేసుకున్నాను. నిద్ర: ఆరు గంటలు.

మార్చి 5, విభూది బుధవారం

ఫాదర్ బాలశౌరి నుదుటి మీద విభూది పెడుతుంటే నేను కళ్లు మూసుకోలేదు. నా ఎడమచేతి బొటనవేలునే చూస్తున్నాను. అది వచ్చేముందు ఆ వేలు దానంతట అదే కొట్టుకుంటుంది. తర్వాత నోట్లో ఇనుము రుచి. ఆ తర్వాత ఏమీ ఉండదు, లేచేదాకా.

ఇవాళ కదల్లేదు. నేనే పదిసార్లు కదిపి చూసుకున్నాను, నేను కదిపితే ఎలా ఉంటుందో తెలిసి ఉండాలని.

మాత్రలు: వేసుకున్నాను.

మార్చి 9, ఆదివారం

సిస్టర్ నాయకులందరినీ కూర్చోబెట్టి పనులు చెప్పింది. పిల్లల్ని లేపాలి, ప్రార్థనకు తీసుకెళ్లాలి, బృంద చర్చ నడపాలి. ఆఖరి రోజు పొద్దున సిలువ మార్గం. ఆశ్రమం గేటు నుంచి గుట్ట మీదికి పద్నాలుగు స్థలాలు. ఒక్కో చోట ఒక్కొక్కరు సిలువ మోసుకొచ్చి, నిలబడి, తాము రాసుకున్న ధ్యానం చదవాలి. చీటీలు తీయించింది. నాకు ఏడోది వచ్చింది. యేసు రెండోసారి పడే చోటు.

చీటీ మళ్లీ మడతపెట్టి గిన్నెలో వేయబోయాను. సిస్టర్ చూసింది.

"ఏమాయె రాజీ?"

"నాకు పదిమందిల మాట్లాడరాదు సిస్టర్. వేరేవాళ్లకియ్యండి."

"నాక్కూడ రాకుండె. మాది రామకృష్ణాపూర్, బాయి పని చేసెటాయన బిడ్డను. మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు కాళ్లు గజగజ వణికినయ్. ఆరు బృందాలల్ల నిన్నెందుకు తీసుకున్ననో ఎర్కేనా? అందరు మాట్లాడుతుంటే నువ్వు ఇంటవు."

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. "సిస్టర్, నాకు" అన్నాను. "ఆ?" అంది. "నాకు రాయడం వస్తది. చదువుడే రాదు" అన్నాను.

నవ్వింది. నేనూ నవ్వాను.

మాత్రలు: వేసుకున్నాను. నిద్ర: నాలుగు గంటలు.

మార్చి 13, గురువారం

మాత్రలు: వేసుకున్నాను. నిద్ర: మూడు. వేలు: ఏం లేదు.

మార్చి 16, ఆదివారం

రాస్తే పోతుందేమోనని రాస్తున్నాను.

మొదటి రెండుసార్లు ఇంట్లోనే వచ్చింది. మూడోసారి కరీంనగర్ బస్టాండులో. డాక్టరు దగ్గరి నుంచి తిరిగి వస్తున్నాం. అమ్మ నీళ్లసీసా కొనడానికి పోయింది. ఎండ బస్సుల అద్దాల మీద పడి మెరుస్తోంది. అంతవరకే గుర్తు. కళ్లు తెరిచేసరికి చుట్టూ కాళ్లు. చెప్పులు, బూట్లు, ఒక చీర అంచు. ఒకతను ఫోను పట్టుకుని ఉన్నాడు. సాయానికి ఎవరికో ఫోను చేస్తున్నాడనుకున్నాను. ఫోను చెవి దగ్గర లేదు, నా మీదికి తిప్పి ఉంది.

నా బట్టలు తడిసి ఉన్నాయి. అమ్మ తన కొంగు విప్పి నా మీద కప్పింది. బస్సులో గోదావరిఖని దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, "గీడ మనల్ని ఎవ్వలు ఎరుగరు, మంచిదాయె" అంది.

ఆ ఫోను ఎక్కడుందో. అతను దాన్ని ఎవరికి చూపించాడో. కొత్తవాళ్లు నా ముఖం కేసి రెండుసార్లు చూస్తే, వీళ్లు చూశారేమో అనిపిస్తుంది.

రాస్తే పోలేదు.

మార్చి 20, గురువారం, ఆశ్రమం

వచ్చేశాం. బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదు. చెట్ల మధ్యనుంచి ఎండ తళుక్కు తళుక్కుమంటుంటే కళ్లు మూసుకున్నాను. జపమాల చెప్పుకుంటున్నాననుకుని పిల్లలు నన్ను కదిలించలేదు.

మా గదిలో తొమ్మిది మంచాలు. నా మంచం తలుపు దగ్గర. పక్క మంచం సహస్రది, ఇంటర్ ఫస్టియర్, గోదావరిఖని పిల్ల. అన్నిటికీ నవ్వుతుంది. దాని అవతల సంధ్యారాణి, బసంత్‌నగర్. డిగ్రీ ఫస్టియర్. ఇది దేనికీ నవ్వదు, అందరినీ గమనిస్తుంది. అంతా నన్ను అక్కా అక్కా అంటున్నారు. దువ్వెన ఎక్కడ పెట్టాలి అక్కా, ఫోన్లు ఎవరికియ్యాలె అక్కా, రేపెప్పుడు లేవాలె అక్కా. నన్ను ఇంతమంది ఎప్పుడూ ఏమీ అడగలేదు. అన్నిటికీ జవాబులు చెప్పాను. కాసేపు నాకు అది గుర్తే రాలేదు. ఒక పావుగంట ఉంటుందేమో.

మాత్రలు: వేసుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ మౌనం పాటించే రోజు. అయినా పిల్లలు గుసగుసలాడుతూనే ఉన్నారు. ఫాదర్ బాలశౌరి రెండు ప్రసంగాలు చేశారు. "దేవుడు నిన్ను చేసినప్పుడు చెయ్యి జారి చేసిండనుకుంటున్నవా?" అని అడిగారు. అందరివైపూ చూస్తూ అన్నారు గానీ నేను తల దించుకున్నాను.

పొద్దున ఒకటి జరిగింది. సంచి తెరిచి డబ్బా బయటికి తీశాను. వెనక సంధ్యారాణి నిలబడి ఉంది.

"ఏం మాత్రలక్కా అవి?"

"బలం మాత్రలు. విటమిన్."

"నాకొకటియ్యి అక్కా. రాత్రి నిద్ర పట్టలే, తల తిరుగుతాంది."

చెయ్యి చాపింది. "ఇవి డాక్టరు నాకు రాసిచ్చినవి, అందరికి పడయి" అన్నాను.

"విటమిన్ పడకపోవుడేంది?"

డబ్బా సంచిలో అడుక్కి తోసి జిప్పు లాగాను. అది నా సంచివైపు చూస్తూనే ఉంది. నేను లేనప్పుడు తీసి వేసుకుంటే? అందుకని సంచికి తాళం పెట్టి తాళంచెవి మెళ్లో గొలుసుకు కట్టుకున్నాను. ఇంక దాని ముందు ఎలా తీస్తాను?

మాత్రలు: వేసుకున్నాను.

మార్చి 22, శనివారం, పొద్దున

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర తప్పులు చెప్పుకోవడానికి, వరసలో కూర్చుని ఇది రాస్తున్నాను. నా ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు.

వేసుకోలేదు. గురువారం రాత్రి వేసుకోలేదు, నిన్న పొద్దున వేసుకోలేదు, రాత్రి వేసుకోలేదు. వేసుకున్నానని ఈ పుస్తకంలో రాశాను. దీన్ని ఎవరూ చదవరు. మరి ఎవరికి అబద్ధం చెప్పాను?

గురువారం రాత్రి అందరి ముందూ డబ్బా తీయడానికి సిగ్గేసింది. ఒక్క పూటకేం కాదులే అనుకున్నాను. నిన్న సంధ్యారాణి. ఆ తర్వాత, వేసుకోకపోయినా ఏమీ కాకపోతే దేవుడు తీసేశాడని అనుకోవచ్చు కదా, ధ్యానకూటంలో ఇలాంటివి జరుగుతాయంటారు కదా అని అనిపించింది. ఫాదర్‌కు చెప్తాను. చెప్పి, నేరుగా గదికి పోయి వేసుకుంటాను. సంధ్యారాణి చూస్తే చూడనీ.

ఇంకా తొమ్మిది మంది.

వేలు కదిలింది. నేను కదపలేదు. కాదు, పెన్ను గట్టిగా పట్టుకున్నందుకు అయి ఉంటుంది. పెన్ను వల్లే.

శనివారమే, మధ్యాహ్నం దాటింది

నాలుక కొరుక్కున్నాను. వాచింది. కుడి అరచేతికి కట్టు కట్టారు. తల బరువుగా ఉంది, అక్షరాలు పక్కకు పోతున్నాయి. అయినా రాయాలి.

వరసలోనే పడ్డానట. గుడి లోపల, అందరి ముందు. సహస్ర చెప్పింది. వంటమనిషి సమ్మవ్వ పరిగెత్తుకొచ్చి, నా గొలుసుకున్న తాళంచెవి చూసి, ఇనుము పట్టిస్తే పోతుందని దాన్ని నా చేతిలో పెట్టి పిడికిలి బిగించి పట్టుకుందట. దానితోనే చెయ్యి తెగింది. ఎవరో నోట్లో చెంచా పెట్టబోతే సిస్టర్ గట్టిగా అరిచిందట, తియ్యమని. సిస్టర్ అరవగా సహస్ర ఎప్పుడూ వినలేదట.

నా బట్టలు మార్చి ఉన్నాయి. ఎవరు మార్చారని అడగలేదు.

కిటికీ అవతల సమ్మవ్వ గొంతు వినపడింది. "గాలి సోకింది పిల్లకు. గోదారొడ్డున తిప్పితె గట్లనే అయితది. ఫాదరును ఒక్కపారి తలమీద చెయ్యి పెట్టమనున్రి."

ఇంకో గొంతు, చిన్నగా. సంధ్యారాణిది. "నేను గా గదిల పండుకోను. నన్ను వేరే గదిలెయ్యమను."

సిస్టర్ నన్ను నంబరు అడిగి కరీంనగర్ డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. సంచి తాళం తీసి, డబ్బా తెచ్చి, మాత్ర నా చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అమ్మకు ఫోన్ చేసినం బిడ్డా. బయలెల్లింది" అంది.

అప్పుడు వేసింది అసలు భయం.

మార్చి 23, ఆదివారం, తిరుగు బస్సులో

నిన్నటి నుంచి జరిగింది వరసగా రాస్తాను. బస్సు కుదుపుల్లో అక్షరాలు ఎలా వచ్చినా సరే.

నిన్న సాయంత్రం అమ్మ వచ్చింది. నా ముఖం తడమలేదు, చెయ్యి చూడలేదు. తలుపు దగ్గరికేసి, "ఎంతమంది చూసిన్రు?" అని అడిగింది.

"అందరు."

మంచం మీద కూర్చుండిపోయింది. "రెండొద్దుల సంది తినలేదని జెప్పు. ఎండ దెబ్బని జెప్పు. సిస్టర్‌తోని నేను మాట్లాడ్త. లే, పోదాం."

సిస్టర్ లోపలికి వచ్చింది. అమ్మ ఆమెకు ఎండ దెబ్బ అనే చెప్పింది. సిస్టర్ చివరిదాకా విని, "డాక్టరుతోని మాట్లాడిన లూర్దమ్మా" అంది. అమ్మ ఇంక తలెత్తలేదు. "రేపు పొద్దుగాల సిలువ మార్గముంది. రాజీ ఉంటనంటె ఉంటది, పోతనంటె పంపిస్త. దానికి ఓపిక ఉన్నదా లేదా అది చెప్పాలె. నువ్వు నేను గాదు" అంది సిస్టర్.

నేను పోదామని అందామనుకున్నాను. సంచి కూడా సర్దుకున్నాను. అంతలో తలుపు నెట్టుకుని సహస్ర వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు. మా బృందం ఎనిమిది మందిలో ఐదుగురు వేరే బృందాల్లోకి పోయారట.

"రేపు మేమేం చెయ్యాలక్కా? ముగ్గురమే మిగిలినం. నువ్వు పోతె మమ్మల్ని గూడ వేరేదాంట్ల కలుపుతరట. మాకు పోబుద్ధి అయితలేదు" అంది సహస్ర. వాళ్ల కళ్లలో కూడా భయం ఉంది. నేను ఎక్కడ పడతానో అని నా చేతులవైపే చూస్తున్నారు. అయినా వచ్చారు.

"ఉంట" అన్నాను.

అమ్మ నా మంచం పక్కన కింద చాప వేసుకుని పడుకుంది.

పొద్దున సిలువ మార్గం మొదలయ్యే ముందు ఫాదర్ బాలశౌరి దగ్గరికి పోయాను. నిన్న చెప్పలేకపోయింది చెప్పాను. మాత్రలు మానేసి దేవుణ్ణి పరీక్షించానని.

"సమ్మవ్వ నన్ను నీ తలమీద చెయ్యి పెట్టుమన్నది. పెడ్త. కని నీకు దయ్యం పట్టిందని గాదు. భయం పట్టింది నీకు. ఆ భయం నాక్కూడ ఎర్కనే" అని చెయ్యి పెట్టారు. "ప్రాయశ్చిత్తం ఏందంటే, మాత్రలు టైముకు ఏసుకో. అందరి ముంగట ఏసుకో."

టిఫిన్ దగ్గర వేసుకున్నాను. అందరి ముందు. గ్లాసు పళ్లకు తగిలి టకటకమంది.

ఆరో స్థలం దగ్గర సిలువ నా చేతికి ఇచ్చారు. అంత బరువేం కాదు, మామూలు టేకు కర్ర. అమ్మ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. పడితే?"

"పడితే పడ్త అమ్మా."

ధైర్యంతో అన్నానని అమ్మ అనుకుంది. కాదు. గుట్ట ఎక్కుతుంటే ఒక్కో అడుగుకూ వేలు చూసుకుంటున్నాను. ఆకుల సందుల్లోంచి ఎండ మెరుస్తుంటే కళ్లు నేలకు దించి నడిచాను. సహస్ర నా ఎడమ పక్క నడిచింది. వెనక అరవై మంది. నేను ఆగితే అందరూ ఆగుతున్నారు. వాళ్లకు నా వీపు తప్ప ఏమీ కనపడదు కదా అనుకుంటే కాస్త ఊపిరాడింది.

ఏడో స్థలం వచ్చింది. నేను రాసుకున్న కాగితం తీశాను. పాపభారం, మన బలహీనతలు, ఇలాంటి పెద్ద మాటలన్నీ ఉన్నాయి అందులో. చదవబుద్ధి కాలేదు. మడిచి పుస్తకంలో పెట్టాను. అందరూ నేను పడిపోబోతున్నాననుకున్నారు. ముందు వరసలోవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. సంధ్యారాణి రెండు అడుగులు వేసింది.

ఏం మాట్లాడానో గుర్తున్నంతవరకు రాస్తాను.

"యేసు రెండోసారి పడ్డప్పుడు చుట్టుపక్కల శానమంది ఉన్నరు. చూసిన్రు. నిన్న నేను పడ్డప్పుడు మీరు గూడ చూసిన్రు. మీది తప్పు గాదు. ఏం చెయ్యాలెనో ఎవ్వలు చెప్పలే మీకు. డాక్టరిచ్చిన కాగితంల చదివిన నేను, నాకు తెలిసి గూడ చెప్పలే. అది నాది తప్పు. నాకున్నది మూర్ఛ. రోగం. గాలి గాదు, దయ్యం గాదు. ముట్టుకుంటే అంటది. అంటే..." ఇక్కడ తడబడ్డాను. "అంటది గాదు, అంటదు. ముట్టుకుంటే అంటుకోదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఏదో కాస్త వదులైంది.

"మల్ల పడ్తనో లేదో నాకు తెల్వది. పడితే ఏం చెయ్యాలెనో చెప్త. తలకింద మెత్తటిది పెట్టున్రి. పక్కకు తిప్పున్రి. నోట్ల ఏం పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు, చేతులు కాళ్లు అదిమి పట్టొద్దు. గడియారం చూడున్రి. అయిదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చెయ్యున్రి. అయిపోయినంక నా పక్కన ఎవరన్న ఒకరు కూసోన్రి. లేచేసరికి ఎవ్వలు లేకపోతే శాన భయమైతది."

అంతే. అది ధ్యానం కాదు, నాకు తెలుసు. సిలువ ఎనిమిదో స్థలం పిల్లకు ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యాక రాయి మీద కూర్చుండిపోయాను. మోకాలి మీద తల పెట్టుకున్నాను. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నారు. సహస్ర అనుకున్నాను. సంధ్యారాణి.

"నాకింకా భయమే అయితాందక్కా" అంది.

"నాక్కూడ" అన్నాను.

"పక్కకంటే ఎటు దిక్కు? ఎడమకా, కుడికా?"

"ఎటైనా సరే. బోర్ల గాకుండ, ఎల్లెలుకల గాకుండ."

తల ఊపింది. లేచి పోలేదు.

అమ్మ ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని ఉంది. ఎక్కినప్పటినుంచి నావైపు తిరగలేదు.

మాత్రలు: వేసుకున్నాను. నిజంగా.

మార్చి 26, బుధవారం

అమ్మ మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, మాత్ర చేతికిస్తుంది, అంతే.

సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కు ఏడుగురు చిన్నపిల్లలు వస్తారు. ఇవాళ నలుగురే వచ్చారు. మిగతా ముగ్గురూ ఒకే వరస క్వార్టర్లవాళ్లు. అమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. "సూసినవా?" అంది. మూడు రోజుల్లో అన్న ఒక్క మాట అది.

లోపలికి పోయి ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని నలుగురికీ ఎక్కాలు చెప్పాను.

మార్చి 29, శనివారం

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు దడదడలాడాయి. రోజూ జరిగేదే. కానీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, నేను పడ్డాననుకుని. కుర్చీలో కూర్చున్న నన్ను చూసి వెనక్కి పోయింది. వెనకనుంచి చూస్తే ఆమె భుజాలు కదులుతున్నాయి.

నా భయమొక్కటే పెద్దదనుకున్నాను ఇన్నాళ్లూ.

ఏప్రిల్ 2, బుధవారం

సిస్టర్ ఫోన్ చేసింది. విద్యార్థి సంఘానికి నన్ను కార్యదర్శిగా ఉండమంటున్నారట. అడిగింది సహస్ర, సంధ్యారాణి, ఇంకా కొంతమంది. "ఆలోచించుకో" అంది. వద్దని చెప్పడానికి నోరు తెరిచి, "మీటింగు ఎన్నిగంటలకు సిస్టర్?" అని అడిగాను.

రాత్రుళ్లు నిద్ర ఐదు గంటలు. వేలు ఏం లేదు. చూడటం మానలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

నాన్న డ్యూటీకి పోయాడు. పూజ నుంచి వచ్చి నేను అన్నం తింటున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుంది, తినలేదు.

"నీకిప్పుడు ఎన్నేండ్లు?"

"పందొమ్మిది. నీకు తెల్వదా?"

"అగతక్కకు గూడ పందొమ్మిదే."

అమ్మకు ఒక అక్క ఉండేదని, చిన్నప్పుడే చనిపోయిందని మాత్రమే నాకు తెలుసు. జ్వరంతో అని చెప్పేవాళ్లు.

"జ్వరం గాదు" అంది అమ్మ. "నీకున్నదే. నాట్లు ఏసేటప్పుడు వచ్చింది. పొలంల కాలువ పక్కన. నీళ్లల్ల బోర్ల పడ్డది. మోకాలు లోతు నీళ్లు రాజీ. మోకాలు లోతు. ఆడోళ్లు పదిమందిమి ఉన్నం ఒడ్డు మీద. ముట్టుకుంటే అంటుకుంటదని ఎవ్వలు దిగలే. నేను దిగబోయిన. కన్నతల్లి, మా అవ్వనే నా జబ్బ పట్టుకున్నది. ఒక్కదాన్ని పోగొట్టుకుంటున్న, ఇంకోదాన్ని పోగొట్టుకోనన్నది. నాకు పద్నాలుగేండ్లు. గుంజుకొని పోవచ్చు. పోలే."

నేను కంచం పక్కకు జరిపాను.

"నీకు మొదటిసారి వచ్చిననాడు నేను చెంచా పెట్టిన, తాళం పెట్టిన, ఉల్లిగడ్డ వాసన చూపిచ్చిన. ఇంక ఏం చెయ్యాలెనో తెల్వక ఎవ్వలకు తెల్వకుండ దాసిన. గుట్టమీద నువ్వు చెప్పినవ్ గదా అందరికి. నేను వెనుక నిలబడ్డ. సగం ఇనపడలే. నాకు చెప్పలేదు నువ్వు."

నిజమే. అరవై మందికి చెప్పాను, అమ్మకు చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి చాప పరిచాను. "రా" అన్నాను. నేను వెల్లకిలా పడుకున్నాను. అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తన చీర మడతపెట్టి నా తలకింద పెట్టించాను. అవతలి చెయ్యి నా ఛాతీ మీదుగా తేవాలి, అవతలి మోకాలు మడవాలి, భుజమూ నడుమూ పట్టుకుని తనవైపు తిప్పుకోవాలి. మొదటిసారి భయపడుతూ మెల్లగా లాగింది, నేను కదల్లేదు. "గట్టిగ పట్టు అమ్మా, నొయ్యది నాకు." రెండోసారి తిప్పింది. నా నోరు పక్కకు వచ్చింది, ముక్కు గాలికి వచ్చింది. మూడోసారి కళ్లు మూసుకుని తిప్పమన్నాను. తిప్పింది. నాలుగోసారి నేనేమీ చెప్పకుండానే తిప్పింది, గోడ గడియారం కూడా చూసింది.

"గింతేనా?" అంది.

"ఇంతే."

అమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. వేళ్లు బిగుసుకున్నాయి. నాకు ముఖం కనపడదు, గొంతు మాత్రం వినపడుతోంది.

"గింతేనా రాజీ? గింతే ఉండెనా?"

అమ్మ చెయ్యి తియ్యలేదు. నేనూ లేవలేదు. అలా పక్కకు తిరిగే, అమ్మ ఏడుపు ఆగేదాకా, చాప మీద పడుకుని ఉన్నాను.